రీప్రింట్ 2021 అన్న మాట నమ్మి: పైథాన్ పుస్తకంతో నా ఏడు నెలలు

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో నేను పద్దులు రాస్తాను. పదకొండేళ్లుగా అదే పని. బీకాం చదివాను. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. కంప్యూటర్ అంటే నాకు తెలిసింది ట్యాలీ, ఎక్సెల్. 2025 జూన్ నాటికి నా పనికి అక్కరకొచ్చే ప్రోగ్రామ్ ఒకటి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సొంతంగా రాసుకున్నాను. ఆ దారిలో మొదటి నాలుగు నెలలు నన్ను ఏడిపించింది మాత్రం ప్రోగ్రామింగ్ కాదు, పుస్తకం. కోచింగ్‌కి వెళ్లే వీలు లేక, ఒక పుస్తకం ముందు పెట్టుకుని ఇంట్లోనే నేర్చుకుందామనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా కొట్టులో రోజుకో ఎక్సెల్ ఫైలు తయారవుతుంది. రైతు పేరు, ఊరు, రకం (తేజ, 341, బాడిగ, తాలు, ఇలా), ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), కాటా బరువు, క్వింటా ధర. నెలాఖరుకి ఆ ఫైళ్లన్నీ తెరిచి ఏ రైతుకి మొత్తం ఎంత బరువు, ఎంత డబ్బు అని ఒకచోట కూర్చాలి. సీజన్‌లో అది రెండు రాత్రుల పని. ఒక వరస తప్పిందంటే మళ్లీ మొదటికే. 2024 దీపావళికి మా పిన్ని కొడుకు బెంగళూరు నుంచి వచ్చినప్పుడు నేను ఆ లెక్కల్లోనే కూర్చుని ఉన్నాను. కాసేపు చూసి, "అక్కా, ఇది పైథాన్‌లో ముప్పై లైన్ల పని. నేను రాసిపెట్టనా?" అన్నాడు. వద్దన్నాను. రేపు ఒక కాలమ్ మారితే మళ్లీ వాడికే ఫోన్ చేయాలి. వాడి ఉద్యోగం వాడికుంటుంది. "నేనే నేర్చుకుంటాలే, మంచి పుస్తకం ఏదో చెప్పు" అన్నాను. వాడు నేర్చుకున్నది కాలేజీలో, పుస్తకాల పేర్లు గుర్తులేవు. "ఏదైనా పర్లేదక్కా, కొత్తది చూసి తీసుకో చాలు" అన్నాడు. కొత్తది చూసుకోవడం ఎంత పనో అప్పుడు ఇద్దరికీ తెలియదు.

వీడియోలు ఉన్నాయిగా అని చాలామంది అడిగారు. నాకు ఖాళీ దొరికేది రాత్రి తొమ్మిదిన్నర తర్వాత. పాప పక్కనే పడుకుని ఉంటుంది, సౌండ్ పెట్టలేను. పైగా నాకు పెన్సిల్‌తో గీసుకుంటూ, అర్థంకాని చోట మడత పెట్టుకుంటూ చదివితేనే బుర్రకెక్కుతుంది. పద్దుల పుస్తకాలతో బతికిన అలవాటు అది.

మొదటి పుస్తకం

నవంబరు 24, ఆదివారం. ముందురోజు హైదరాబాద్‌లో బంధువుల పెళ్లికి వెళ్లి, ఆ పొద్దున్నే ఆబిడ్స్ వెళ్లాను. ఆదివారం షాపులు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పుస్తకాలు పరుస్తారు. పోటీపరీక్షల గైడ్లు, మెడిసిన్ పుస్తకాలు, ఇంగ్లీషు నవలలు, వాటి మధ్యలో కంప్యూటర్ పుస్తకాల గుట్ట. అందులో పైథాన్ మీద నాలుగు కనబడ్డాయి. మూడు నలిగిపోయి ఉన్నాయి. నాలుగోది కొత్తదానిలా ఉంది, అంచులు కూడా పసుపెక్కలేదు. మొదటి పేజీ వెనక చూస్తే కింద 2021 అని కనబడింది. మూడేళ్ల కిందటిదే కదా అనుకున్నాను. "కొత్త స్టాక్ మేడమ్" అని 250 చెప్పాడు. బేరమాడితే 180కి ఇచ్చాడు. బస్సులో గుంటూరు దాకా ఒళ్లో పెట్టుకుని వచ్చాను. చాలా సంతోషంగా ఉండింది ఆ రోజు.

డిసెంబరు 1న మొదలుపెట్టాను. పైథాన్ సైట్ నుంచి అప్పటికి కొత్తదైన 3.13 వెర్షన్ దించుకున్నాను. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కింద చిన్న గడి ఒకటి ఉంటుంది, పైథాన్‌ని పాత్‌లో కలపమని. అది ఖాళీగా వదిలేసి నెక్స్ట్ కొట్టాను. తర్వాత ఆజ్ఞలు టైప్ చేసే బ్లాక్ స్క్రీన్‌లో పైథాన్ అని కొడితే తెరుచుకోలేదు, తీసేసి మళ్లీ వేయాల్సి వచ్చింది. ఆ గడిలో టిక్ పెట్టుకోండి, ఒక సాయంత్రం మిగులుతుంది.

పుస్తకంలో మొదటి ప్రోగ్రామ్ ఒకటే లైను. ప్రింట్ అని రాసి, పక్కన కోట్స్‌లో ఒక పలకరింపు. అక్షరం అక్షరం చూసి కొట్టాను. ఎర్రగా తప్పు చూపించింది. కోట్స్ మార్చాను, ఖాళీలు మార్చాను. ఆ ఎర్ర అక్షరాలను నిదానంగా కూడబలుక్కుని చదివితే, బ్రాకెట్లు లేవు, బ్రాకెట్లతో రాయాలనుకున్నారా అని అందులోనే అడుగుతోంది. పెడితే పనిచేసింది. పుస్తకంలో అచ్చుతప్పు పడిందేమో అనుకున్నాను. రెండో ప్రోగ్రామ్‌లోనూ అదే. మూడోదాంట్లోనూ అదే. పెన్సిల్ తీసుకుని పుస్తకమంతా ప్రింట్ కనబడ్డ చోటల్లా బ్రాకెట్లు పెట్టుకుంటూ పోయాను. అక్కడే ఆగి ఆలోచించాల్సింది. ఒక పుస్తకంలో అన్ని పేజీల్లోనూ ఒకే అచ్చుతప్పు ఎలా పడుతుంది?

తర్వాత మనం టైప్ చేసింది తీసుకునే ఆజ్ఞ వచ్చింది. పుస్తకంలో దాని పేరు రా ఇన్‌పుట్. అలాంటి పేరే నాకు తెలియదంది కంప్యూటర్. ముందున్న "రా" తీసేస్తే పనిచేసింది. అది కనిపెట్టడానికి రెండు రాత్రులు పట్టింది.

ఎర్ర అక్షరాలు వచ్చినప్పుడు కనీసం తప్పుందని తెలుస్తుంది. నన్ను నిజంగా దెబ్బతీసింది ఎర్ర అక్షరాలు రానిది. ఒక అభ్యాసం ఉంది: వంద మామిడికాయలున్నాయి, పెట్టెకి పన్నెండు సర్దితే ఎన్ని నిండు పెట్టెలు? 100, పక్కన ఏటవాలు గీత (/), ఆ పక్కన 12. పుస్తకంలో జవాబు 8. నాకు వచ్చింది 8.333333333333334. తప్పు ఏమీ చూపించలేదు, నింపాదిగా ఆ అంకె ఇచ్చి ఊరుకుంది. మళ్లీ కొట్టాను, అదే. కాగితం మీద చేశాను. నిజానికి నా కంప్యూటర్ చెప్పిందే సరైన భాగహారం. మరి పుస్తకానికి 8 ఎలా వచ్చింది? పదకొండేళ్లుగా లెక్కలతో బతుకుతున్న మనిషిని, వందని పన్నెండుతో భాగించడం దగ్గర ఇరుక్కుపోయాను. ఆ రాత్రి పన్నెండింటి దాకా మేలుకుని, లైట్ తీసేశాక కూడా నిద్ర పట్టలేదు. ఇది మన వల్ల అయ్యే పని కాదేమో అని మొదటిసారి అనిపించింది అప్పుడే. మా ఆయనతో కూడా చెప్పలేదు.

డిక్షనరీ అంటే పైథాన్‌లో పేరు పక్కన దాని విలువ పెట్టుకునే పట్టిక. ఆ పాఠంలోనూ ఇంతే. అందులో వేసిన పేర్లు వేసిన వరసలో బయటికి రావు, కలగాపులగంగా వస్తాయి, కంగారుపడకండి అని పుస్తకం చెబుతుంది. నాకేమో ఎన్నిసార్లు నడిపినా వేసిన వరసలోనే వచ్చాయి. వరస చెదరనందుకు కంగారుపడ్డాను.

డిసెంబరు 22న, మూడు వారాలు గడిచాక, తమ్ముడికి వీడియో కాల్ చేశాను. మామిడికాయల లెక్క చూపించగానే, "అక్కా, పుస్తకం మొదటి పేజీ వెనక్కి తిప్పి ఫోన్‌కి దగ్గరగా పెట్టు" అన్నాడు. పెట్టాను. పైనుంచి కిందికి ఇలా ఉంది: ఫస్ట్ ఎడిషన్ 2009. రీప్రింట్ 2010, 2011, 2013, 2016, 2021. నేను ఆబిడ్స్‌లో చూసింది ఆ చివరి అంకె ఒక్కటే. రీప్రింట్ అంటే పాత పుస్తకాన్నే మళ్లీ అచ్చు వేయడం. లోపల పాఠాలు మారవు. కాగితం కొత్తది, మాటలు 2009వి. ఎడిషన్ మారితేనే లోపల సంగతులు మారతాయి. మనదగ్గర తక్కువ ధరకి వేసే పుస్తకాల్లో ఈ రీప్రింట్ల వరస మామూలే. ఎవరూ దాచిపెట్టింది కాదు, పేజీ మీద అచ్చులోనే ఉంది. చూడాల్సిన లైను ఏదో నాకు తెలియలేదు, అంతే.

అప్పుడు చెప్పాడు వాడు. పైథాన్ 3 అనేది 2008 డిసెంబరులో వచ్చింది. అది పైథాన్ 2తో కావాలనే తెగతెంపులు చేసుకుంది. ప్రింట్‌కి బ్రాకెట్లు, భాగహారంలో దశాంశాలు అప్పుడు మారినవే. కానీ చాలా ఏళ్లు జనం పైథాన్ 2 లోనే ఉండిపోయారు, పుస్తకాలూ దానిమీదే వచ్చాయి. దాన్ని 2015లో ఆపేద్దామనుకుని, మళ్లీ అయిదేళ్లు పొడిగించి, 2020 జనవరి 1తో ఆపేశారు. అంటే నా పుస్తకం నేర్పుతున్న పైథాన్‌ని ఆపేసిన మరుసటి ఏడాది కూడా ఆ పుస్తకం అచ్చవుతూనే ఉంది. డిక్షనరీ వరస సంగతి ఇంకా తర్వాతది. వేసిన వరస నిలుస్తుందని భాషే హామీ ఇచ్చింది 3.7 నుంచి, 2018లో.

"పోనీ పుస్తకానికి తగ్గట్టు పాత పైథానే వేసుకుంటే?" అని అడిగాను. పుస్తకం పారేయడానికి మనసు ఒప్పలేదు. "వేసుకోవచ్చక్కా. కానీ దానికి రిపేర్లు చేసేవాళ్లు లేరు. రేపు ఎక్సెల్ ఫైళ్లు చదవడానికి కావాల్సిన సామాను, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ ప్రోగ్రామ్‌లు, కూడా దానికి కొత్తది రాదు" అన్నాడు. ఆ మాటతో పుస్తకం మూసేశాను. వాడు ఫోన్ పెట్టేశాక మాత్రం మనసు తేలికపడింది. తప్పు నా బుర్రది కాదని తెలిసింది.

రెండో పుస్తకం

జనవరి మొదటి ఆదివారం, అంటే 5న, విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లాను. ఈసారి జాగ్రత్తగా వెళ్లాననే అనుకున్నాను. ప్రతి పుస్తకం తీసి రీప్రింట్ లైను వదిలేసి ఎడిషన్ లైను చూశాను. ప్రింట్‌కి బ్రాకెట్లున్నాయా అని చూశాను. అన్నీ దాటుకుని చేతిలో రెండు మిగిలాయి. ఒకదాని ముందుమాటలో పైథాన్ 3.7 అని ఉంది, రెండోదాంట్లో 3.10 అని.

ఇక్కడ నేను చేసింది మీరు చేయకండి. లెక్కల్లో 3.10 అంటే 3.1. అది 3.7 కంటే చిన్నది. రోజూ రూపాయలు పైసలు రాసే కన్ను అలాగే చూస్తుంది. అందుకని 3.10 పుస్తకం పాతదనుకుని పక్కన పెట్టేసి, 3.7 ది తీసుకున్నాను. ఈ నంబర్లలో చుక్క దశాంశం కాదు. మూడు, ఆ తర్వాత పది. తొమ్మిది తర్వాత వచ్చే పది. 3.7 వచ్చింది 2018 జూన్‌లో, 3.10 వచ్చింది 2021 అక్టోబరులో. మూడేళ్లు కొత్తదాన్ని వదిలేసి పాతది కొన్నాను. ధర 650, పది శాతం తగ్గించి 585 తీసుకున్నారు.

తర్వాత నాకు నేనే కనిపెట్టుకున్న గుర్తు ఒకటుంది. 3.9 నుంచి పైథాన్ ఏటా అక్టోబరులో ఒక కొత్త వెర్షన్ వస్తోంది. చుక్క తర్వాతి అంకెకి 2011 కలపండి, అది వచ్చిన ఏడాది తెలుస్తుంది. 9కి కలిపితే 2020, 11కి కలిపితే 2022, 13కి కలిపితే 2024. ఏడుకి ముందువాటికి ఇది కుదరదు. ఒక్కో వెర్షన్‌కి అయిదేళ్ల పాటు రిపేర్లు చేస్తారు. షాపులో నిలబడి నోటితో వేసుకోగల లెక్క ఇది.

అయినా చెప్పాలి, ఆ 3.7 పుస్తకం మంచిదే. మొదటి తొమ్మిది పాఠాల్లో ఒక్క ప్రోగ్రామ్ కూడా మొండికేయలేదు. పుస్తకంలో ఏముందో నా తెర మీద అదే వచ్చింది. మామిడికాయల బాధ కూడా తీరింది: దశాంశాలతో కావాలంటే ఒక గీత, నిండు పెట్టెలు మాత్రమే కావాలంటే రెండు గీతలు (//). ఒక్క వాక్యంలో ఉంది ఆ సంగతి. జనవరి, ఫిబ్రవరి సీజన్ ఊపులో ఉంటుంది, ఇంటికొచ్చేసరికి ఒంటి మీద మిర్చి ఘాటు, కళ్లు మంటలు. అయినా రోజుకి అరగంట కూర్చునేదాన్ని. ఏ రోజు ఎంత చదివానో పుస్తకం అంచున తేదీ వేసుకునేదాన్ని. ఇప్పుడు తిరగేస్తే ఒక్కో తేదీ మధ్య నాలుగైదు రోజుల ఖాళీలు కనబడతాయి. ఇంగ్లీషు కూడా అడ్డమే. మొదట్లో పేజీకి పది మాటలు అర్థమయ్యేవి కాదు. కానీ ఈ పుస్తకాల్లో మాటలు తక్కువ, తిప్పితిప్పి అవే వస్తాయి. రెండో నెలకి ఇంగ్లీషు డిక్షనరీ తీయడం తగ్గిపోయింది.

మార్చి 16న ఎక్సెల్ పాఠానికి వచ్చాను. నేను ఇదంతా మొదలుపెట్టింది ఆ పాఠం కోసమే. ఆ ఆదివారం వంట పొద్దున్నే ముగించేసి కూర్చున్నాను. పుస్తకం చెప్పినట్టు పిప్ అనే ఆజ్ఞతో ఎక్స్‌ఎల్‌ఆర్‌డీ అనే సామాను దించుకుని, మా ఫిబ్రవరి ఫైలు ఒకటి తెరవమన్నాను. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలుకి సపోర్ట్ లేదు అని ఎర్రగా వచ్చింది. ఎక్సెల్ ఫైళ్లు చదవడానికే తెచ్చుకున్న సామాను ఎక్సెల్ ఫైలు చదవనంటే ఏమనుకోవాలి? సాయంత్రం దాకా దానితోనే ఉన్నాను. భోజనం కూడా సరిగ్గా చేయలేదు.

సంగతేమిటంటే, పుస్తకం రాసిననాటికి ఆ సామాను పాత రకం, కొత్త రకం ఎక్సెల్ ఫైళ్లు రెండూ చదివేది. 2020 డిసెంబరులో వచ్చిన 2.0 వెర్షన్‌లో కొత్త రకం, అంటే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్, చదవడం తీసేశారు. ఇప్పుడది పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లకే. పిప్ ఎప్పుడూ తాజాది తెస్తుంది, పుస్తకమేమో పాతదాని గురించి చెబుతుంది. ఆ పక్క పాఠంలో పట్టికల లెక్కలు చేసే పాండాస్ అనే ఇంకో సామాను ఉంది. ఒక పట్టిక కింద ఇంకో వరస అతికించడానికి అపెండ్ వాడమంటుంది పుస్తకం. పాండాస్ 2.0 వచ్చిన 2023 ఏప్రిల్‌లో పట్టికలకి ఆ అపెండ్ కూడా పోయింది. ఏ వెర్షన్‌తో రాశారో పుస్తకంలో ఎక్కడా చెప్పలేదు. పైథాన్ నంబర్ ఉంది, ఈ సామాన్ల నంబర్లు లేవు.

ఆ వారమంతా నాకు ఒకటే ఆలోచన. అదే పుస్తకంలో మొదటి తొమ్మిది పాఠాలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పదోది, పదకొండోది పాడైపోయాయి. మొదటి తొమ్మిదిలో ఉన్నది భాష: లిస్టులు, లూపులు, ఫంక్షన్లు. తర్వాతి రెండిట్లో ఉన్నది వేరేవాళ్లు తయారుచేసిన సామాను. పైథాన్ 3 భాష తన పాత ఆజ్ఞలను తేలిగ్గా తీసెయ్యదు. సామాను మాత్రం ఒక్క పెద్ద వెర్షన్‌తో తారుమారు కావచ్చు. అంటే భాష కోసం కొన్న పుస్తకం కొన్నేళ్లు నిలుస్తుంది. సామాను కోసం లావుపాటి పుస్తకం కొంటే కొన్న రోజే వాడిపోయి ఉండొచ్చు. సామాను సంగతి దాన్ని తయారుచేసినవాళ్ల సొంత పేజీల్లో చదవాలి. అక్కడ పైనే వెర్షన్ నంబర్ ఉంటుంది. తమ్ముడికి ఈ మాట చెబితే, "మేమూ అంతే అక్కా, ఆఫీసులో సామాను మీద పుస్తకాలు ఎవరూ కొనరు" అన్నాడు. నవంబరులోనే చెప్పి ఉంటే బాగుండేది. కానీ వాళ్లకది ఎంత అలవాటంటే, చెప్పాల్సిన సంగతని తట్టదు.

మూడోది

ఏప్రిల్‌లో కొట్టు పని మీద విజయవాడ వెళ్లినప్పుడు ఏలూరు రోడ్డులో ఒక షాపుకి వెళ్లాను. తమ్ముడు ఆఫీసులో నలుగురిని అడిగి థింక్ పైథాన్ అని ఒక పేరు చెప్పాడు, మూడో ఎడిషన్ మాత్రమే తీసుకోమన్నాడు. షాపులో అదే పేరుతో పుస్తకం ఇచ్చారు, అట్ట మీద చిలక బొమ్మ. వెనక్కి తిప్పితే రెండో ఎడిషన్, 2015. మూడోది కావాలన్నాను. "అదే పుస్తకం మేడమ్, లోపల ఏమీ మారదు" అన్నాడు కౌంటర్‌లోని అబ్బాయి. మారుతుంది. ఆ పుస్తకమే 2012లో మొదట అచ్చైనప్పుడు పైథాన్ 2 మీద ఉంది, 2015లో పైథాన్ 3కి మార్చి రాశారు, మూడోది 2024లో వచ్చింది. పేరు ఒకటే, లోపల మూడు వేరువేరు పుస్తకాలు. నా చేతిలో ఉన్నదాని ఇండెక్స్ తీసి ఎఫ్ స్ట్రింగ్ కోసం చూశాను. కోట్స్ ముందు ఎఫ్ అక్షరం పెట్టి మాటల మధ్య అంకెలు ఇమిడ్చే పద్ధతి అది, 2016 డిసెంబరులో 3.6తో వచ్చింది. అప్పటికి నాకది చాలా ఇష్టమైన పద్ధతి, రైతు పేరు, బరువు ఒక్క లైన్లో చక్కగా కూర్చుంటాయి. 2015 పుస్తకంలో అది ఉండే వీలే లేదు, లేదు కూడా. పుస్తకం తిరిగి ఇచ్చేశాను. షాపులో అలా నిలబడి, లోపల ఏముందో నాకు నేనే తేల్చుకోగలిగానంటే లోలోపల చాలా ధైర్యం వచ్చింది.

ఆ రాత్రే తెలిసింది, మూడో ఎడిషన్‌ని రచయిత నెట్‌లో అందరూ ఉచితంగా చదువుకునేలా పెట్టారని. దొంగ కాపీ కాదు, ఆయన సొంత సైట్‌లోనే. పాఠం మధ్యలోనే ప్రోగ్రామ్ నడిపి చూసుకునేలా, బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపే గూగుల్ వాళ్ల కోలాబ్‌లో తెరుచుకుంటుంది. ఫోన్‌లో కూడా నడుస్తుంది, కాకపోతే కామాలు, బ్రాకెట్లు కొట్టడానికి వేళ్లు నొప్పి పుడతాయి. నాకు కాగితం కావాలి కాబట్టి మొదట నాలుగు పాఠాలు జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకున్నాను. 132 రూపాయలు. స్పైరల్ వద్దని ట్యాగు కట్టుకున్నాను. కొట్టులో ట్యాగులకి కొదవ లేదు.

నాకు తెలిసిన పాఠాలు గబగబా దాటేశాను. మూడోసారి చదువుతున్నాను కదా, లూపులు, ఫంక్షన్లు అప్పటికే చేతికి వచ్చేశాయి. అప్పుడు అర్థమైంది, రెండో పుస్తకం దగ్గర గడిపిన రెండు నెలలు వృథా కాలేదని. మొదటిదాని మూడు వారాలు మాత్రం వృథానే. అందులో నేర్చుకున్నవి మళ్లీ మరచిపోవాల్సి వచ్చింది, నేర్చుకోవడం కంటే అది కష్టం. ఇప్పటికీ ఒక్కోసారి ప్రింట్ పక్కన బ్రాకెట్ పెట్టడం వదిలేస్తుంటాను.

మే నెలలో యార్డుకు వేసవి సెలవులు ఇచ్చారు. రోజుకి రెండు గంటలు దొరికింది. ఎక్సెల్ ఫైళ్లకి ఓపెన్‌పైఎక్సెల్ అనే సామాను వాడాను. దాని మీద ఏ పుస్తకమూ కొనలేదు, దాని సొంత పేజీలో ఫైలు తెరవడం, వరసలు చదవడం అని ఉన్న చిన్న ఉదాహరణలు చూసి చేశాను. నా దగ్గర దిగిన వెర్షన్ నంబరు, ఆ పేజీ పైనున్న నంబరు ఒకటేనా అని ముందు సరిచూసుకున్నాను. ఆ ఒక్క అలవాటుతో మార్చి 16 లాంటి ఆదివారం మళ్లీ రాలేదు.

జూన్ 3, రాత్రి పదిన్నర. మార్చి నెల ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి నడిపించాను. ముప్పై లైన్లు కాదు, నాది యాభై రెండు లైన్లు అయింది. నీళ్లు తాగి వచ్చేలోపు రైతులవారీ మొత్తాలు వచ్చి ఉన్నాయి. రిజిస్టర్ తీసి పక్కన పెట్టి ఒక్కో పేరూ టిక్ పెట్టుకుంటూ వచ్చాను. మొత్తం టిక్కీలు సరిపోయాయి. బరువు సరిపోయింది. ఒక్క రైతు దగ్గర మాత్రం రిజిస్టర్‌లో ఒక వరస, తెర మీద రెండు. చూస్తే ఆయన ఇంటిపేరు ఒక రోజు ఫైల్లో చుక్కతో, ఇంకో రోజు చుక్క లేకుండా కొట్టాను. కంప్యూటర్‌కి వాళ్లు ఇద్దరు మనుషులు. పేరులో చుక్కలు, ఖాళీలు తీసేసి పోల్చమని ఇంకో లైను చేర్చాను. యాభై మూడు. అప్పుడు పైసలతో సహా కలిసింది. పాపని లేపి చూపించాలనిపించింది గానీ ఆగాను. పొద్దున్నే చూపించాను.

ఖర్చు మొత్తం 897 రూపాయలు: 180, 585, 132. అందులో చివరికి నాకు బాగా పనికొచ్చింది 132 పెట్టి తీయించుకున్న కాగితాలు. 585 పుస్తకం ఇప్పటికీ బల్ల మీదే ఉంది. పదో పాఠం మీద పెన్సిల్‌తో "ఇది నడవదు, ఓపెన్‌పైఎక్సెల్ చూడు" అని రాసుకున్నాను. కొట్టులో కొత్తగా చేరిన కుర్రాడు నేర్చుకుంటానంటే మొదటి తొమ్మిది పాఠాలు చదవమని అదే ఇచ్చాను. 180 పుస్తకం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, అటక మీద పెట్టేశాను. అమ్మితే మళ్లీ ఎవరో ఒకరు 2021 చూసి కొనుక్కుంటారు.

2025 అక్టోబరు 7న పైథాన్ 3.14 వచ్చింది. పద్నాలుగుకి 2011 కలిపి చూసుకున్నాను. ఆ ఆదివారం దాన్ని దించుకుని, ఓపెన్‌పైఎక్సెల్ దానికి మళ్లీ వేసుకుని, సెప్టెంబరు ఫైళ్ల మీద నా యాభై మూడు లైన్లు నడిపించాను. ఒక్క అక్షరం కూడా మార్చాల్సిన అవసరం రాలేదు.